నాన్నగారి తుపాకి, నేను చేసిన పిన్ను

కిందటి సంక్రాంతి మర్నాడు టెక్సాసు నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. కుశల ప్రశ్నలయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"మావయ్యా, సెకండ్‌హ్యాండులో ఒక పాత పంపు తుపాకి కొన్నాను. రెమింగ్టన్ 870. లోపల స్ప్రింగులవీ అరిగిపోయాయి. సామాను పోస్టులో తెప్పించుకుని ఇంట్లోనే మార్చేద్దామనుకుంటున్నాను. నువ్వు లోకో వర్క్సులో నలభై ఏళ్ళు ఫిట్టరుగా చేశావు కదా, ఏమైనా సలహా చెప్పు" అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, గుండె ఒక్కసారి గతుక్కూమంది. సరిగ్గా ఇలాంటి పనే 1991లో పెరంబూరులో, మా ఇంటి వరండాలో చెయ్యబోయి నాన్నగారి చేత చివాట్లు తిన్నాను. ఆ కథ వాడికి ఫోనులో చెప్పాను. మన పత్రిక పాఠకుల్లోనూ తాతగారి తుపాకి అటక మీద ఉన్నవాళ్ళు ఉండొచ్చు, అమెరికాలో కొత్తగా కొనుక్కున్నవాళ్ళూ ఉండొచ్చు. అందుకని మీకూ చెబుతున్నాను.

తుపాకి కూడా ఇంట్లో సంపాదించే మనిషే

మా నాన్నగారిది శ్రీకాకుళం జిల్లా. సైన్యంలో పదిహేడేళ్ళు చేసి 1972లో పెన్షను పుచ్చుకుని మద్రాసు వచ్చారు. పెరంబూరే ఎందుకంటే అప్పటికే మా పెదనాన్న రైల్వేలో ఉన్నాడు. 1856లో మద్రాసు రైల్వే వాళ్ళు ఇక్కడ వర్కుషాపు పెట్టిన నాటి నుంచీ పనికోసం వచ్చినవాళ్ళతో పెరిగిన పేట ఇది. 1955లో పెట్టెల ఫ్యాక్టరీ కూడా వచ్చాక మరీ పెరిగింది. మా వీధిలో పొద్దున్నే సైరను కూతకి తెలుగులో తిట్టుకుంటూ లేచే ఇళ్ళు పది పన్నెండు ఉండేవి.

నాన్నగారికి ఒక బ్యాంకులో కాపలా ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో అలాంటి ఉద్యోగాలకి మాజీ సైనికుల్నే తీసుకునేవారు. అయితే ఒక షరతు. తుపాకి మనదే అయి ఉండాలి, లైసెన్సూ మన పేరునే ఉండాలి. చేతిలో తుపాకి ఉంటేనే జీతం. అందుకని ఆయన ఊళ్ళో లైసెన్సున్న కొట్లో ఒక పాత 12 బోరు తుపాకి కొన్నారు. అమెరికాలో తయారైంది. ముందు చేతితో పట్టుకునే చెక్కని వెనక్కి లాగి ముందుకి తోస్తే కాలిన తూటా బయటపడి కొత్తది గొట్టంలోకి ఎక్కుతుంది. చేతిపంపు కొట్టినట్టే ఉంటుంది కాబట్టి దానికి పంపు తుపాకి అని పేరు.

12 బోరు అంటే చాలామంది 12 ఏవో అంగుళాలో మిల్లీమీటర్లో అనుకుంటారు. కాదు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత. సుమారు పద్ధెనిమిదిన్నర మిల్లీమీటర్లు. అన్నట్టు, "తుపాకి" అనే మాట కూడా మనది కాదు, తురకభాష నుంచి నడిచి వచ్చింది. మనిషిలాగే మాట కూడా వలస వచ్చి ఇక్కడే స్థిరపడింది.

మా ఇంట్లో ఆ తుపాకికి ఒక ఇనప బీరువా, తూటాలకి వేరే పెట్టె. రెండు తాళం చెవులు ఒక గుత్తిలో ఎప్పుడూ ఉండేవి కావు. ఎన్నికలొస్తే పోలీసు స్టేషనులో అప్పగించమని కబురొచ్చేది. నాన్నగారు దాన్ని దుప్పటిలో చుట్టి తీసుకెళ్ళి, రసీదు పుచ్చుకుని, ఆ రసీదుని రేషను కార్డు కంటే జాగ్రత్తగా దాచేవారు.

పేలని తూటా

1991 కార్తీకంలో సంగతి. బ్యాంకు వాళ్ళు ఏడాదికోసారి కాపలాదార్లందరి చేతా ఊరవతల కాల్పించి చూసేవారు. ఆ రోజు నాన్నగారు నొక్కితే టక్ మంది గాని పేలలేదు. తుపాకిని అలాగే గురివైపు పట్టుకుని అరనిమిషం పైన కదలకుండా నిలబడ్డారట. ఎందుకంటే ఒక్కోసారి తూటా ఆలస్యంగా పేలుతుంది. వెంటనే తెరిచిన వాడి మొహం మీదే పేలిన సందర్భాలు ఉన్నాయి. తరవాత తూటా బయటికి తీస్తే, దాని అడుగున ఉండే ప్రైమరు మీద, పాతవాళ్ళు టోపీ అంటారు దాన్ని, పిన్ను దెబ్బ గోటి గాటంత కూడా పడలేదు. రెండోదీ అంతే. మూడోది పేలింది. కాని పేలిన డొల్ల గొట్టంలోనే ఇరుక్కుంది.

"తుపాకి బాగు చేయించుకుని వచ్చి డ్యూటీలో చేరండి, అందాకా ఇంకొకరిని పెడతాం" అన్నారు బ్యాంకు వాళ్ళు. తప్పు వాళ్ళది కాదు. కాని మాకు మాఘమాసంలో చెల్లెలి పెళ్ళి. మూడు వారాలు జీతం లేకపోతే ఎలా?

ఆ రాత్రి నేను ధీమాగా అన్నాను. "నాన్నా, అరిగింది ఫైరింగ్ పిన్ను మొన. నేను లేతు మీద గంటలో చేసిస్తాను. ఆవిరి ఇంజన్లకి వాల్వులు అమర్చినవాణ్ణి, ఇదొక లెక్కా?"

నాన్నగారు తల ఎత్తకుండా, "వద్దురా" అన్నారు. ఆయన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడేవారు కాదు.

వద్దంటే వినే వయసు కాదు నాది. ముప్ఫై నాలుగేళ్ళు, పైగా చేతిలో విద్య ఉందన్న గర్వం. ఆదివారం అయనావరంలో తెలిసిన ఒక లేతు కొట్టుకి వెళ్ళి, పాత పిన్ను కొలతలు పెట్టుకుని, మంచి ఉక్కు కడ్డీతో కొత్తది తిప్పాను. కాల్చి నీరు పట్టించాను, నూనెరాతి మీద మెరుగు పెట్టాను. చూస్తే ఫ్యాక్టరీ సరుకులా ఉంది. ఇంటికి తెచ్చి నాన్నగారి అరచేతిలో పెట్టాను.

ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశారు. "పని బాగా చేశావు" అన్నారు. నేను పొంగిపోయాను. ఆయన మాట్లాడకుండా లేచి, పెరట్లో రుబ్బురోలు అంచు మీద దాన్ని అడ్డంగా పెట్టి, మేకులు కొట్టే చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. గాజుముక్కలా టప్ మని రెండయింది.

"చూశావా? గట్టితనం ఎక్కువైంది. ఇది తుపాకిలో విరిగితే ముక్క ముందుకి పొడుచుకుని ఇరుక్కోవచ్చు. అప్పుడు మీట నొక్కక్కర్లేదు, పంపు మూయగానే పేలుతుంది. బ్యాంకులో నా ఎదురుగా జనం క్యూలో ఉంటారురా" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

వర్కుషాపు మనిషికి తెలిసిరావలసిన లెక్క

రాత్రి నిద్ర పట్టక లెక్క వేసుకున్నాను. మేము మరమ్మతు చేసిన డబ్ల్యూ.పి. ఇంజన్ల బాయిలరు ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌన్లు. ఆ బాయిలరు మీద పని చేశాక నీళ్ళ ఒత్తిడితో పరీక్ష చెయ్యకుండా, ఇన్‌స్పెక్టరు సంతకం లేకుండా బయటికి పంపేవాళ్ళం కాదు. మామూలు 12 బోరు తూటా పేలినప్పుడు గొట్టంలో పుట్టే ఒత్తిడి అంగుళానికి పదకొండు వేల పౌన్ల దాకా ఉంటుంది. బాయిలరుకి యాభై రెట్ల పైన. అదీ కాల్చేవాడి చెంపకి జానెడు దూరంలో. బాయిలరుకి అన్ని సంతకాలు అడిగిన నేను దీనికి ఆదివారం సాయంత్రం చాలనుకున్నాను.

చట్టం సంగతి అప్పుడు నాకు బొత్తిగా తెలియదు. తరవాత తెలుసుకున్నాను. మన ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. దాని ప్రకారం "తుపాకి" అంటే తుపాకి ఒక్కటే కాదు, దాని విడి భాగాలు కూడా. అయిదో సెక్షను తయారీకీ, అమ్మకానికీ, మరమ్మతుకీ, పరీక్షకీ కూడా లైసెన్సు ఉండాలంటుంది. తుపాకి ఉంచుకునే లైసెన్సు వేరు, బాగుచేసే లైసెన్సు వేరు. అంటే నాన్నగారి పుస్తకం నా లేతుకి పనికిరాదు. నేను సరదాగా తిప్పిన ఆ అంగుళాల ముక్క చట్టం దృష్టిలో ఆయుధ తయారీయే. 2019 సవరణ తరవాత ఇలాంటి నేరానికి కనీసం ఏడేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. నాన్నగారి సుత్తి దెబ్బ ఆ రోజు రెండు ప్రమాదాల నుంచి నన్ను కాపాడింది.

ఉస్తాదు చెప్పిన పాఠం

సోమవారం నాన్నగారూ నేనూ తుపాకి పట్టుకుని ఊళ్ళో లైసెన్సున్న మరమ్మతు కొట్టుకి వెళ్ళాం. ఉస్తాదు డెబ్భై ఏళ్ళ పెద్దాయన. ముందు లైసెన్సు పుస్తకం తీసి తుపాకి మీది నంబరుతో సరిచూశాడు. తన రిజిస్టరులో రాసుకున్నాడు. తరవాతే తుపాకి ముట్టుకున్నాడు. చెక్కని వెనక్కి లాగి, గొట్టంలోకి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూశాడు. కింది గొట్టంలో తూటాలు నిలవుండే చోటు కూడా అలాగే చూశాడు. "కన్ను మోసం చేస్తుంది తంబీ, వేలు చెయ్యదు" అన్నాడు.

నేను ఆత్రంగా, "పిన్ను అరిగింది సార్" అన్నాను.

ఆయన నవ్వాడు. బోల్టు విప్పి పిన్నుని వేలితో తోశాడు. అది ముందుకి వెళ్ళింది గాని బద్ధకంగా వెనక్కి వచ్చింది. దాని దారిలో నల్లటి జిగురు పేరుకుని ఉంది. మద్రాసు ఉప్పుగాలికి తుప్పు పడుతుందని భయపడి నాన్నగారు ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషను నూనె ధారాళంగా పోస్తూ వచ్చారు. ఆ నూనె, దుమ్ము, మందు మసి కలిసి జిగురైంది. అది సగం రోగం. హేమరుని నెట్టే స్ప్రింగు అలసిపోయి మెత్తబడింది. అది పావు. పిన్ను మొన కొంచెం చదునైన మాట నిజమే. అది మిగిలిన పావు. పైగా రెండు తూటాలు వానాకాలం చెమ్మ తిన్నవి.

నేను చేసిన పిన్ను విరక్కుండా ఉన్నా రోగం కుదిరేది కాదన్నమాట! అరిగిన భాగం మార్చే ముందు అది ఎందుకు పని చెయ్యట్లేదో తెలుసుకోవాలి. వర్కుషాపులో కుర్ర అప్రెంటిసులకి నేను రోజూ చెప్పే మాటే అది. ఇంటి దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

డొల్ల ఇరుక్కోవడానికి కారణం వేరు. తూటా అంచుని పట్టి లాగే చిన్న కొక్కెం ఉంటుంది, దాని పంటి మొన గుండ్రబడింది. పట్టు జారుతోంది. ఇక తూటాల గొట్టంలోని పొడుగు స్ప్రింగు కొత్తలో గొట్టం కంటే బాగా పొడుగుండాలట. మాది దాదాపు గొట్టం పొడుగే మిగిలింది. చివరి తూటాని పైకి నెట్టే సత్తువ దానికి లేదు.

"స్ప్రింగులు, పిన్ను, కొక్కెం మారుస్తాను. సామాను ఇదే మోడలుది రావాలి. కాస్త అటూ ఇటూ అయినది సాపు చేసి పెట్టను. మూడు వారాలు" అన్నాడు.

మూడు వారాలూ పట్టింది. అమ్మ చేతిగాజులు ఒక జత కుదువకి వెళ్ళాయి. నేను అమ్మ మొహం చూడలేకపోయాను. ఆవిడ మాత్రం, "గాజులు మళ్ళీ వస్తాయిరా, మీ నాన్న చేతిలో తుపాకి పేలి ఎవరికో ఏదో అయితే అది వస్తుందా?" అంది. మాఘంలో చెల్లెలి పెళ్ళి మామూలుగానే జరిగింది. గాజులు ఉగాదికి తిరిగొచ్చాయి. నాన్నగారు 1994లో ఆ ఉద్యోగం నుంచి దిగేదాకా తుపాకి మళ్ళీ మొరాయించలేదు. ఒక మనిషి మీద పేల్చవలసిన అవసరమూ రాలేదు. కాపలా ఉద్యోగానికి అంతకంటే మంచి సర్టిఫికెట్ ఏముంటుంది?

మేనల్లుడికి చెప్పిన సలహా

అమెరికాలో తన తుపాకిని తాను విప్పి బాగుచేసుకోవడం మామూలు సంగతి. 870 మోడలు 1950 నుంచి లక్షల మీద లక్షలుగా తయారై ఇళ్ళల్లో ఉంది కాబట్టి సామానూ సులువుగా దొరుకుతుంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఉక్కు ఒప్పుకోదు కదా. అందుకని వాడికి ఇలా చెప్పాను.

మొట్టమొదట తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వెయ్యి. గొట్టం, తూటాల గొట్టం రెండూ కంటితోనూ వేలితోనూ చూడు. మధ్యలో ఫోనొచ్చి లేచి వెళ్ళావా, తిరిగొచ్చి మళ్ళీ మొదటి నుంచి చూడు. కళ్ళద్దాలు పెట్టుకో. తూటాల గొట్టం స్ప్రింగు మూత ఊడగానే పాములా ఎగిరి వస్తుంది. కొక్కెం వెనక ఉండే బుల్లి స్ప్రింగు అయితే ఎగిరాక దొరకదు. పెద్ద పళ్ళెంలో తెల్లగుడ్డ పరిచి దాని మీద విప్పు. విప్పిన వరసలో ఒక్కోటీ ఫోటో తీసుకో. మా రోజుల్లో కాగితం మీద బొమ్మ గీసుకునేవాళ్ళం.

శుభ్రం చెయ్యడం, తూటాల గొట్టం స్ప్రింగు మార్చడం వరకు నువ్వు చేసుకో. కొక్కెం ఓపికుంటే మార్చు. తూటాలు ఒక్కోటిగా వదిలే రేకులు రెండు లోపలి గోడకి నొక్కి బిగించి ఉంటాయి. అవి మార్చాలంటే సరైన పనిముట్టు కావాలి, మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళు. మీట దగ్గరి భాగాల్ని ఆకురాయితో ముట్టుకోకు. బోల్టు గొట్టంతో బిగిసే చోటు అరిగిందన్న అనుమానం వస్తే ఇంట్లో చూసుకోవద్దు, కొలత పనిముట్లున్న వాడికి చూపించు. అంతా అయ్యాక మందు లేని ఉత్తుత్తి తూటాలతో పదిసార్లు పంపు కొట్టి చూడు. నూనె ఒక్క చుక్క చాలు. మీ తాతగారు పోసినంత పొయ్యకు.

ఇంకోటి. పాత తుపాకులు కొన్ని 65 మిల్లీమీటర్ల తూటాకి చేసినవి. ఇప్పుడు ఎక్కువగా దొరికేది 70 మిల్లీమీటర్లది. అది కూడా లోపలికి చక్కగా దూరుతుంది, అదే ప్రమాదం. పేలాక దాని నోరు విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం మీద చెక్కిన అంకె చదవకుండా తూటా కొనకూడదు.

వాడు అన్నీ శ్రద్ధగా విన్నాడు. నెలకి మళ్ళీ ఫోను చేశాడు. పొడుగు స్ప్రింగు తనే మార్చాడట, అది ఎగిరి పైకప్పు దీపానికి తగిలిందట. రేకులు మాత్రం మేస్త్రీకి ఇచ్చాడట. "మావయ్యా, నేనూ సుత్తితో కొట్టి చూడనా?" అని నవ్వాడు.

ఇండియాలో ఇంట్లో పాత తుపాకి ఉన్నవారికి

నాన్నగారు 2008లో పోయారు. పన్నెండో రోజు కార్యక్రమాలయ్యాక బీరువా తెరిచాం. లైసెన్సున్న మనిషి పోయాక ఆ తుపాకి ఇంట్లో ఉంచుకోవడం మనకి చెల్లదు. దగ్గరి పోలీసు స్టేషనులో గాని లైసెన్సున్న వ్యాపారి దగ్గర గాని ఆలస్యం చెయ్యకుండా అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ తరవాత గడువులోగా వారసులు తమ పేర లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవారికి అమ్మి డబ్బు పుచ్చుకోవచ్చు. గడువు దాటితే ప్రభుత్వపరమవుతుంది. అటక మీద వదిలెయ్యడం మాత్రం దారి కాదు.

2016 నాటి కొత్త నిబంధనల్లో వారసులకి ఒక వెసులుబాటు ఉంది. పెద్దాయన పోయాకే కాదు, ఆయనకి డెబ్భై ఏళ్ళు నిండినా, ఆ తుపాకి ఆయన దగ్గర పాతికేళ్ళుగా ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, వారసుడి పేరుకి లైసెన్సు కోరవచ్చు. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకి పెరిగింది. చెన్నై నగరంలో ఈ కాగితాలన్నీ పోలీసు కమిషనరు కార్యాలయంలో నడుస్తాయి.

నేను లైసెన్సు అడగలేదు. నాకు కాపలా కాయవలసిన బ్యాంకు లేదు, ఇంట్లో మనవలు తిరుగుతుంటారు. వ్యాపారికి అప్పగించి, కాగితాలు పూర్తయ్యాక అమ్మేశాం. ఆ డబ్బుతో అమ్మ పేర ఒక జత గాజులు కొన్నాం. ఆవిడ వేసుకోలేదు గాని, చూసుకుని బీరువాలో పెట్టుకుంది, తుపాకి ఉండే అరలోనే.

విరిగిన పిన్ను మీద ఎవరికీ మక్కువ లేదు. నాన్నగారు ఆ రెండు ముక్కలూ మర్నాడే పాత ఇనుము వాడికి వేశారు. నాకు మిగిలింది ఆ టప్ మన్న చప్పుడు. రిటైరయ్యేదాకా నా దగ్గరికి వచ్చిన ప్రతి కుర్ర ఫిట్టరుకీ ఈ కథ చెప్పాను. "నీకు చెయ్యడం వచ్చా అని కాదు, దాని ఎదురుగా నిలబడేది ఎవరో చూసుకో" అని.